ఆశించారు, మేం రాలేదు

చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీకి తెలుగు అనువాదాలు చేసిపెట్టేవాణ్ణి. యంత్రాల మీద అతికించే హెచ్చరికలు, సెలవుల జాబితాలు, గోడ నోటీసులు, అన్నీ చిన్నాచితకా పనులే. ఒకరోజు ఒక్కటంటే ఒక్క వాక్యం వచ్చింది. శనివారం భద్రతా శిక్షణకు సిబ్బంది అందరూ ‘ఆర్ ఎక్స్‌పెక్టెడ్ టు అటెండ్’ అని. రెండు నిమిషాల పని. ‘శనివారం జరిగే భద్రతా శిక్షణకు సిబ్బంది అందరూ హాజరవుతారని ఆశిస్తున్నాం’ అని రాసి పంపేశాను. రాస్తున్నప్పుడు ఎక్కడా చెయ్యి ఆగలేదు. ఎక్స్‌పెక్ట్ అంటే ఆశించడమే కదా!

శనివారం నలభై కుర్చీలు వేస్తే పదకొండు మంది వచ్చారట.

సోమవారం పొద్దున్నే మేనేజరుగారి ఫోన్.

“ఆశిస్తున్నాం అని రాశారేంటండీ? ఎక్స్‌పెక్టెడ్ అంటే రావాలనే కదా!”

“రావాల్సిందే అయితే ఇంగ్లిష్‌లో మస్ట్ అని రాస్తే సరిపోయేది కదండీ.”

“మస్ట్ అంటే ఏం బావుంటుందండీ, ఆర్డరేసినట్టుంటుంది.”

అంటే ఆయనకు ఆర్డరు వెయ్యాలి, వేసినట్టు మాత్రం కనబడకూడదు. ఇంగ్లిష్ మాట ఆ పని చక్కగా చేసిపెట్టింది. నా తెలుగు మాట చెయ్యలేదు.

ఆ వారంలోనే ఏదో పని మీద అక్కడికి వెళ్లినప్పుడు, శిక్షణకు రానివాళ్లలో ఒకాయన్ని ఊరికే అడిగాను, ఎందుకు రాలేదని. ఆయన చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, నా వైపు చూడకుండానే చెప్పాడు: “ఆశిస్తున్నామన్నారు సార్. ఆశించారు. మేం రాలేదు.”

అనువాదం గురించి నాకు అంతకన్నా మంచి పాఠం ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచి ఈ ఎక్స్‌పెక్ట్ అనే మాట ఎక్కడ కనబడినా ఓ క్షణం ఆగుతాను. నా అనుమానం ఏమిటంటే, ఈ మాట మనందరికీ తెలుసనుకుంటాం గానీ సగమే తెలుసు. ఆ సగంతోనే దాన్ని తెలుగులోకి కూడా తెచ్చేసుకున్నాం.

ముందు పుట్టుక. లాటిన్‌లో ‘ఎక్స్’ అంటే బయటికి, ‘స్పెక్టారే’ అంటే చూడటం. గుమ్మంలో నిలబడి వీధి వైపు చూస్తున్న మనిషి కనబడతాడు ఆ మాటలో. మన ఎదురుచూపూ అదే బొమ్మ. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ప్రతీక్ష, నిరీక్షణ, అపేక్ష, ఈ మూడింటిలోనూ ఉన్నది ‘ఈక్ష’, అంటే చూపే. ప్రతీక్షను విడదీస్తే అచ్చంగా ఎదురు, చూపు. ఇంగ్లిష్‌లో వెయిట్ అనే మాటకు కూడా మొదటి అర్థం కాపలా కాస్తూ చూడటం. రాబోయేదాని గురించి మాట్లాడాలంటే మనిషికి ముందుగా అందింది కళ్లే అన్నమాట.

16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో ఎక్స్‌పెక్ట్‌కు వేచి ఉండటం అనే అర్థమే ఉండేది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో, హెబ్రీయులకు రాసిన పత్రికలో, క్రీస్తు దేవుని కుడిపక్కన కూర్చుని తన శత్రువులు పాదపీఠం అయ్యేవరకు ‘ఎక్స్‌పెక్టింగ్’ అని ఉంటుంది. ఊహిస్తూ అనీ కాదు, డిమాండ్ చేస్తూ అనీ కాదు. వేచి ఉండటమే. తెలుగు బైబిలు భాషలో ఇలాంటి చోట్ల ‘కనిపెట్టు’ అంటారు. ఆ వాడుక తెలియనివాళ్లకు వింతగా ఉంటుంది, ఏం కనిపెడుతున్నాడు అని. కానీ అందులోనూ ఉన్నది కన్నే, చూపే.

తర్వాత తర్వాత ఇంగ్లిష్‌లో వేచి ఉండటం అనే అర్థం పోయింది. చూపు పోయి లెక్క మిగిలింది: ఇది జరుగుతుంది, నాకు తెలుసు, జరక్కపోతే ఎందుకు జరగలేదో ఎవరైనా చెప్పాలి. ఈ చివరి ముక్క దగ్గరే నేను బోల్తాపడ్డాను.

హోప్‌కీ ఎక్స్‌పెక్ట్‌కీ తేడా అడిగితే చాలామంది, ఒకదాంట్లో నమ్మకం తక్కువ, రెండోదాంట్లో ఎక్కువ అంటారు. అది నిజమే గానీ అసలు తేడా బయటపడేది పని జరగనప్పుడు. నువ్వు వస్తావని హోప్ చేశాను, నువ్వు రాలేదు. బాధ నాది. నువ్వు వస్తావని ఎక్స్‌పెక్ట్ చేశాను, నువ్వు రాలేదు. ఇప్పుడు సంజాయిషీ నీది. చూస్తూ చూస్తూ బాకీ నా ఖాతాలోంచి నీ ఖాతాలోకి వెళ్లిపోయింది. ఆ బాకీ ఉందని నువ్వెప్పుడూ ఒప్పుకోలేదు కూడా.

తెలుగు ఆశ ఈ బాకీ మొయ్యదు. మోస్తే గీస్తే ఆశపడ్డవాడి నెత్తిన వేస్తుంది. ఆశ చుట్టూ మనవాళ్లు కూడబెట్టిన మాటలు చూడండి: అత్యాశ, పేరాశ, దురాశ, అడియాస. అన్నిట్లోనూ తప్పు ఆశపడ్డవాడిదే. దురాశ దుఃఖానికి చేటు అన్నారు గానీ ఇవ్వనివాడికి చేటు అనలేదు కదా. ‘నేనే ఏదో ఆశపడ్డాలే’ అని మనిషి తన మీదే తప్పేసుకుని లేచిపోవడానికి వీలున్న మాట అది. అందుకే నోటీసులో ‘ఆశిస్తున్నాం’ అనగానే కంపెనీ చెయ్యి చాచినట్టయింది. గ్రీజు చేతులాయన కొంటెతనంతో అన్న మాట కాదది. ఉన్నదున్నట్టు చదివాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆశించడం మంచిదానికే. ఇంగ్లిష్‌లో వానలూ ఎక్స్‌పెక్ట్ చేస్తారు, వరదలూ ఎక్స్‌పెక్ట్ చేస్తారు. మంచీ చెడూ ఆ మాటకు పట్టవు. ఆపరేషన్ అయినవాళ్లకిచ్చే ఒక కరపత్రం ఓసారి నా చేతికొచ్చింది. ‘మొదటి రెండు రోజులు కొంత నొప్పిని ఆశించవచ్చు’ అని ఉంది అందులో. నొప్పిని ఆశించే మనిషి కోసం ఎక్కడ వెతకాలి? రాసినాయన్ని చూసి నవ్వడానికి నాకు హక్కు లేదు, నేనూ ఆ తానులో ముక్కనే. కానీ ఆ ఇంగ్లిష్ వాక్యం అసలు ఏం చెబుతోందో చూడండి. నొప్పి వస్తుందన్న సమాచారం సగమే. వస్తే కంగారుపడకండి, అది మామూలే అన్నది మిగతా సగం. ‘రెండు రోజులు నొప్పి ఉంటుంది, టెన్షన్ పడక్కర్లేదు’ అంటే సరిపోతుంది. ఎక్స్‌పెక్ట్‌కు ఇక్కడ సరైన తెలుగు ‘మామూలే’ అని ఏ డిక్షనరీ చెబుతుంది?

చెడ్డదానికి మనం ఊహించడం, అంచనా వెయ్యడం, అనుకోవడం వాడతాం. వీటిలో నాకు ఇష్టమైనది అనుకోవడం. అను, కొను. తనలో తాను చెప్పుకోవడం. లాటిన్‌వాడు రాబోయేదాన్ని గుమ్మంలోంచి చూస్తే, తెలుగువాడు లోపల కూర్చుని తనకు తానే చెప్పుకుంటాడు. ‘అనుకున్నట్టే అయింది’, ‘అనుకోకుండా కలిశాం’. ఎంత సాదా మాట! ఎవరి మీదా బరువు వెయ్యదు. నేనేదో అనుకున్నాను, అంతే. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందని సర్దుకుపోవచ్చు.

ఎక్స్‌పెక్ట్‌కు ఉన్న ఈ రెండు ముఖాలు, ఊహా ఆజ్ఞా, ఎంత దగ్గరగా అతుక్కుని ఉన్నాయో చూడాలంటే 1805 అక్టోబరు 21 నాటి ట్రఫాల్గర్ యుద్ధం గుర్తుచేసుకోవాలి. యుద్ధం మొదలవబోయే ముందు బ్రిటిష్ నౌకాదళం అడ్మిరల్ నెల్సన్ తన నౌకలన్నిటికీ జెండాలతో ఒక సందేశం పంపించాడు: ప్రతి మనిషీ తన డ్యూటీ చేస్తాడని ఇంగ్లండ్ ‘ఎక్స్‌పెక్ట్స్’ అని. ఇంగ్లిష్ చరిత్రలో ఈ మాటకు ఇంతకన్నా పేరున్న వాడుక లేదేమో. కానీ నెల్సన్ మొదట చెప్పిన మాట అది కాదు. ‘కన్‌ఫైడ్స్’ అన్నాడు, అంటే నమ్మకంగా ఉంది అని. జెండాలు చూసుకునే అధికారి పాస్కో ఒక ఇబ్బంది చెప్పాడు: కోడ్ పుస్తకంలో కన్‌ఫైడ్స్ లేదు, అక్షరం అక్షరం విడిగా ఎగరెయ్యాలి, ఎక్స్‌పెక్ట్స్ అయితే పుస్తకంలో ఉంది, ఒక్కసారితో అయిపోతుంది. టైమ్ లేదు. నెల్సన్ సరేనన్నాడు. తమాషా ఏమిటంటే డ్యూటీ అనే మాట కూడా పుస్తకంలో లేదు, దాన్ని అక్షరాలుగానే ఎగరెయ్యాల్సి వచ్చింది.

కొన్ని జెండాలు కలిసొస్తాయని నమ్మకం కాస్తా బాకీ అయింది. ‘మీ మీద మాకు నమ్మకం ఉంది’ అని చెప్పాలనుకున్నాడు. ‘మీరు చెయ్యాల్సింది మీరు చేస్తారుగా’ అన్నట్టు వెళ్లింది. ఆ రోజు ఆ నౌకల మీద ఉండి ఆ జెండాలు చదివితే నాకు ఏమనిపించేదో? నమ్మకం అంటే గుండె నిండేది. ఎక్స్‌పెక్ట్స్ అంటే మాత్రం ‘ఇన్నాళ్లూ చెయ్యలేదా ఏంటి?’ అని లోపల గొణుక్కునేవాణ్ణి. వాళ్ల జట్టులో రెండో పెద్ద కాలింగ్‌వుడ్ కూడా, నెల్సన్ ఈ సిగ్నల్స్ ఆపేస్తే బావుణ్ణు, మనం చెయ్యాల్సింది మనకు తెలుసు కదా అని మొదట విసుక్కున్నాడని చెబుతారు.

ఇక మన తెలుగులోకి దిగుమతి అయిన ఎక్స్‌పెక్ట్ సంగతి. ఇక్కడ అది ఇంకోలా ఒళ్లు విరుచుకుంది.

ఒకసారి మా చెల్లెలికి చేత్తో ఉత్తరం రాసి పోస్టులో పంపాను, ఏ కారణమూ లేకుండా. ఫోన్ చేసి “నీ దగ్గర్నుంచి ఇది అస్సలు ఎక్స్‌పెక్ట్ చెయ్యలేదన్నయ్యా!” అంది. సంతోషంతో గొంతు పూడుకుపోయింది. నాకూ సంతోషమే. ఫోన్ పెట్టేశాక గానీ వెలగలేదు, ఇన్నేళ్లూ నా గురించి ఏమనుకుంటోందో ఆ మాటలో పడిపోయిందని. మరుసటి ఏడాది తన పీహెచ్‌డీ వైవాకు వస్తానని చెప్పి వెళ్లలేకపోయాను. మళ్లీ ఫోన్. “నీ దగ్గర్నుంచి ఇది ఎక్స్‌పెక్ట్ చెయ్యలేదన్నయ్యా.” ఒక్క ‘అస్సలు’ తప్పిస్తే అదే వాక్యం. మొదటిసారి నా మీద పెద్దగా ఆశల్లేవు కాబట్టి గెలిచాను. రెండోసారి ఆ ఉత్తరంతో నేనే పెంచిన ఆశల కింద పడి ఓడాను.

అచ్చ తెలుగులో అయితే ఆ రెండూ ఒకే వాక్యం అయ్యేవి కావు. మొదటిది ‘నువ్వు రాస్తావని కల్లో కూడా అనుకోలేదు’ అయ్యేది. రెండోది ‘నువ్వొస్తావని ఎంత ఎదురుచూశానో’ అయ్యేది. ఈ రెండో వాక్యం చెప్పాలంటే మనిషి కాస్త దిగిరావాలి. ఎదురుచూశానని ఒప్పుకోవడమంటే, నువ్వు నాకు కావాలి అని ఒప్పుకోవడం. ‘ఎక్స్‌పెక్ట్ చెయ్యలేదు’ అంటే ఆ ఇబ్బంది లేదు. మాట మర్యాదగానే ఉంటుంది, కోపం చల్లగా తగులుతుంది, చెప్పినవాళ్ల మనసు ఎక్కడా బయటపడదు. మనకు తెలుగు మాట లేక ఈ మాట తెచ్చుకున్నామని నేననుకోను. ఉన్న తెలుగు మాటలు మరీ మెత్తగా ఉన్నాయని తెచ్చుకున్నాం. ‘నా నుంచి ఏమీ ఎక్స్‌పెక్ట్ చెయ్యకు’ అన్నవాడు ‘నా మీద ఏ ఆశా పెట్టుకోకు’ అనగలడా? అనాలంటే అవతలి మనిషి మొహం చూడాలి.

ఇంగ్లిష్‌లో గర్భిణి గురించి ‘ఆమె ఎక్స్‌పెక్టింగ్’ అంటారు, దేన్ని అని చెప్పకుండానే. మనం ‘ఏదైనా విశేషమా?’ అంటాం. చాటు రెండు భాషల్లోనూ ఉంది. ఈ ఒక్క చోటే నాకు ఈ మాట మీద ఏ ఫిర్యాదూ లేదు.

వార్తల్లో వచ్చే ‘ఈజ్ ఎక్స్‌పెక్టెడ్’ మీద మాత్రం బోలెడు ఫిర్యాదులున్నాయి. ఎవరు ఎక్స్‌పెక్ట్ చేశారు? ఆ కర్మణి వాక్యంలో కర్త ఉండడు. తెలుగు వార్తల్లోకి వచ్చేసరికి ‘అని భావిస్తున్నారు’ అవుతుంది. భావించేవాళ్లు ఎవరో అక్కడా ఉండదు. కంపెనీ లాభం పెరిగినా షేరు పడిపోయిందంటే, ఈ కనబడని పెద్దమనుషులు ఇంకా ఎక్కువ లాభం వస్తుందని అనుకున్నారన్నమాట.

లెక్కలవాళ్లు ఈ మాటను పట్టుకున్న కథ మాత్రం చెప్పాలి. 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాల్లో ఒక జూదపు లెక్క చర్చించుకున్నారు. ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్ములో ఎవరికెంత రావాలి? ఆ దారిలోనే డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ ఒక చిన్న పుస్తకం రాశాడు. 1657లో దాని లాటిన్ అనువాదం అచ్చయింది. ‘ఎక్స్‌పెక్టేషియో’ అనే మాట గణితంలోకి వచ్చింది ఆ అనువాదంతోనే. చేసినాయన హైగెన్స్‌కు చదువు చెప్పిన ఫ్రాన్స్ వాన్ స్కూటెన్. నాలాంటి అనువాదకుడే అనుకుని కాస్త మురిసిపోతాను. ఇవాళ పాచిక వేస్తే దాని ఎక్స్‌పెక్టెడ్ విలువ 3.5 అంటారు. 3.5 పడే పాచిక ఉండదు. ఎన్నిసార్లు వేసినా పడనిదాన్ని పట్టుకుని ఎక్స్‌పెక్టెడ్ అనడం విడ్డూరమే గానీ, మొదట వాళ్లడిగిన ప్రశ్న గుర్తుంచుకుంటే విడ్డూరం తగ్గుతుంది. ఏం పడుతుంది అని కాదు వాళ్లడిగింది, ఎంత రావాలి అని. లైఫ్ ఎక్స్‌పెక్టెన్సీ దగ్గర మాత్రం తెలుగే నయం. ‘సగటు ఆయుర్దాయం’ అని మొహాన చెప్పేస్తుంది. పిల్లలు చిన్నతనంలోనే ఎక్కువగా చనిపోయే కాలంలో పుట్టినప్పటి సగటు 35 ఉందంటే, అందరూ ముప్పై అయిదుకే పోయారని కాదు. ఎక్స్‌పెక్టెన్సీ అనే మాట వింటే మాత్రం అలాగే అనిపిస్తుంది.

కోర్టులకు కూడా ఈ మాట ఎక్కింది. 1968లో బ్రిటన్‌లో కొందరు విదేశీ విద్యార్థులు, ఉండటానికి అనుమతి పొడిగించలేదని కోర్టుకెళ్లారు. ఓడిపోయారు. కానీ ఆ తీర్పులో లార్డ్ డెన్నింగ్ ఒక మాట వదిలాడు: ఇచ్చిన గడువు పూర్తికాకుండానే అనుమతి రద్దు చేస్తే, ఆ గడువు వరకూ ఉండనిస్తారన్న ‘లెజిటిమేట్ ఎక్స్‌పెక్టేషన్’ వాళ్లకు ఉంటుంది కాబట్టి, వాళ్లు చెప్పుకునేది వినాలి అని. హక్కు కాదు, అలాగని ఉత్త ఆశా కాదు. రెంటికీ మధ్య ఒక చోటు. నా నోటీసు పడింది సరిగ్గా ఆ మధ్య చోట్లోనే. అక్కడ తెలుగుకు మాట లేదని చాలాకాలం అనుకున్నాను.

పొరపాటు. ఒకరోజు బస్సు కోసం నిలబడ్డాను. పక్కనున్నాయన వాచీ చూసుకుని “ఈపాటికి రావాలే” అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆయన వైపు తిరిగి అలా చూస్తూ ఉండిపోయాను. ఆయన ఇబ్బందిగా రెండడుగులు జరిగాడు.

రావాలి. ‘బస్సు ఈపాటికి రావాలి’ అంటే అంచనా. ‘నువ్వు రేపు రావాలి’ అంటే ఆజ్ఞ. ‘నాకు వాడి దగ్గర్నుంచి డబ్బు రావాలి’ అంటే బాకీ. ‘వాడు ఇంటికి చేరుండాలి’ అంటే ఊహ. ఎక్స్‌పెక్ట్ తిరిగే వీధులన్నీ మన ‘ఆలి’ తిరుగుతూనే ఉంది, పాస్కల్, ఫెర్మాల ప్రశ్నతో సహా. క్రియల్లో వెతుకుతూ కూర్చున్నాను గానీ అది క్రియకు తోకలా వేలాడుతోంది. అదీ పిలవక్కర్లేని, రోజుకు వందసార్లు నోట్లో మెదిలే తోక.

ఒక్క తేడా ఉంది. ఎక్స్‌పెక్ట్‌లో ఎక్స్‌పెక్ట్ చేసే పెద్దమనిషి ఒకడు తప్పనిసరిగా ఉంటాడు, కనబడినా కనబడకపోయినా. ‘రావాలి’లో ఆ పెద్దమనిషే లేడు. వచ్చేవాళ్లూ రావడమూ అంతే. మేనేజరుగారు దాచాలనుకున్నది దాచడానికి అందులో తెర లేదు.

ఆ బస్సు స్టాపు సంగతి జరిగిన కొన్నాళ్లకు అదే కంపెనీ నుంచి మళ్లీ అలాంటి నోటీసే వచ్చింది, అదే ‘ఆర్ ఎక్స్‌పెక్టెడ్’తో. ‘శనివారం శిక్షణకు సిబ్బంది అందరూ రావాలి. రాలేనివాళ్లు ముందురోజే చెప్పాలి’ అని రాసి పంపాను. రెండో వాక్యం ఇంగ్లిష్‌లో లేదు. సాయంత్రానికి ఫోన్.

“కొంచెం కటువుగా ఉందేమోనండీ.”

“ఇంగ్లిష్‌లో ఉన్నదీ అదేనండీ. కనబడదంతే.”

అవతల కాసేపు చప్పుడు లేదు. కాగితాలు తిప్పుతున్నట్టున్నారు.

“పోనీ, ముందు ‘దయచేసి’ అయినా పెట్టండి.”

పెట్టాను.